వేలి చివరి వెలుగు.. ఎంతవరకు నమ్మొచ్చు?

2025 నవంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక కోర్టు జ్యూరీ, యాపిల్ కంపెనీ మాసిమో అనే సంస్థకు 63.4 కోట్ల డాలర్లు కట్టాలని తేల్చింది. మన లెక్కలో దాదాపు 5,600 కోట్ల రూపాయలు. తెలుగు పత్రికల్లో ఈ వార్త వాణిజ్యం పేజీలో ఓ మూలన వచ్చి పోయింది. యాపిల్ పేరు తెలియనివారు లేరు. మాసిమో పేరు మాత్రం ఆపరేషన్ థియేటర్లలో, ఐసీయూల్లో పనిచేసేవాళ్లకు తప్ప బయట పెద్దగా తెలియదు. కానీ ఈ రెండు కంపెనీలు ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న సెన్సర్ తాలూకు చుట్టం మీ ఇంట్లోనే ఉంది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఎంత అడిగితే అంత ఇచ్చి కొని, ఇప్పుడు మందుల డబ్బాలో అడుగున పడేసిన పల్స్ ఆక్సిమీటరే అది.

కోర్టులో డబ్బుల సంగతి వాళ్లు చూసుకుంటారు. ఒక వైద్యుడిగా నాకు ఈ వార్తలో ఆసక్తి కలిగించేది వేరే ఉంది. వేలికి తగిలించే ఈ చిన్న క్లిప్పుకు పుట్టుకతోనే రెండు లోపాలు ఉండేవి. ఒకటి, వేలు కదిలితే తప్పు చెప్పడం. దాన్ని గుప్పెడు మంది ఇంజినీర్లు పట్టుదలగా కూర్చుని చాలావరకు సరిచేశారు. రెండోది, చర్మం రంగు ముదిరేకొద్దీ లెక్క కొంచెం తప్పడం. అది తెలిసి మూడున్నర దశాబ్దాలు దాటినా ఇంకా పూర్తిగా సరికాలేదు. మొదటి లోపం ఎలా పోయింది, రెండోది ఎందుకు పోలేదు అన్నది మన రాష్ట్రాల్లోని ప్రతి కుటుంబానికీ సంబంధించిన విషయమే. ఎందుకంటే మనలో ఎక్కువమందిమి చామనఛాయ నుంచి నలుపు వరకు ఉన్నవాళ్లమే.

రెండు రంగులు, ఒక లెక్క

ఆక్సిజన్ నిండా ఉన్న రక్తం మంచి ఎరుపు రంగులో ఉంటుంది. ఆక్సిజన్ వదిలేసిన రక్తం కాస్త నల్లబడుతుంది. ఆక్సిమీటర్ పట్టుకునేది ఈ తేడానే. క్లిప్పు ఒకవైపు రెండు బుల్లి లైట్లు ఉంటాయి. ఒకటి కంటికి కనిపించే ఎరుపు, రెండోది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. రెండోవైపు ఆ వెలుతురును అందుకునే సెన్సర్ ఉంటుంది. ఆక్సిజన్ లేని రక్తం ఎరుపు వెలుతురును ఎక్కువగా మింగేస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువగా మింగుతుంది. ఏది ఎంత తగ్గిందో పోల్చి చూస్తే ఆక్సిజన్ శాతం తేలుతుంది.

వినడానికి తేలికే. కానీ వేలిలో రక్తం ఒక్కటే ఉండదు కదా. చర్మం, కొవ్వు, ఎముక, గోరు, సిరల్లో నింపాదిగా పోయే చెడు రక్తం, ఇవన్నీ వెలుతురును మింగుతాయి. వీటిలోంచి ధమనిలో పోయే మంచి రక్తాన్ని మాత్రమే విడిగా చూడటం ఎలా? ఈ చిక్కు విప్పింది జపాన్‌కు చెందిన టకువో అవోయాగి అనే ఇంజినీరు. 1970ల మొదట్లో ఆయన నిహోన్ కోడెన్ అనే కంపెనీలో పనిచేస్తూ, రక్తంలోకి రంగు ఎక్కించి గుండె ఎంత రక్తాన్ని పంపు చేస్తోందో చెవి దగ్గర వెలుతురుతో కొలిచే ప్రయత్నంలో ఉన్నారు. నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత వణుకుతూ లెక్క చెడుతోంది. ఆ వణుకును తీసేయాలని ఇంకో రంగు వెలుతురు కూడా వాడారు. తీరా చూస్తే ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా ఆ కిటుకు పనిచేయడం మానేస్తోంది. అప్పుడు తట్టింది ఆయనకు. తను వదిలించుకోవాలనుకుంటున్న ఆ వణుకే ధమని రక్తం. నాడితోపాటు లయగా పెరిగి తగ్గేది అదొక్కటే. చర్మం, ఎముక, గోరు కదలవు కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేయొచ్చు. 1974లో ఆయన ఈ పద్ధతిని బయటపెట్టారు.

ఆయన సొంత కంపెనీ దాన్ని పెద్దగా ముందుకు తీసుకెళ్లలేదు. 1980ల మొదట్లో అమెరికాలో బయాక్స్, నెల్‌కోర్ కంపెనీలు దీన్ని వాడుకలోకి తెచ్చాయి. నెల్‌కోర్‌ను మొదలుపెట్టినవారిలో విలియం న్యూ స్వయంగా మత్తు డాక్టరు. 1986కల్లా అమెరికా మత్తు వైద్యుల సంఘం తన ప్రమాణాల్లో దీనికి చోటిచ్చింది. అంతకుముందు మత్తులో ఉన్న రోగికి ఆక్సిజన్ తగ్గుతోందని తెలియాలంటే పెదవులు, గోళ్లు నీలంగా మారేదాకా చూడాల్సి వచ్చేది. అప్పటికి చాలా ఆలస్యం అయ్యేది. అవోయాగి 2020 ఏప్రిల్ 18న 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ప్రపంచమంతా ఆయన కనిపెట్టిన క్లిప్పు కోసం మందుల షాపుల చుట్టూ తిరగడం మొదలైన రోజులవి.

కదిలితే చాలు.. 85

ఇక మొదటి లోపం. ఆపరేషన్ బల్ల మీద రోగి కదలడు. కాబట్టి యంత్రం చక్కగా పనిచేసేది. వార్డుకు వచ్చాక రోగి వణుకుతాడు, చేయి ఊపుతాడు, దగ్గుతాడు. అప్పుడు ధమని రక్తమే కాదు, సిరల్లోని రక్తం కూడా అటూ ఇటూ ఊగుతుంది. యంత్రానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఈ కదలిక వల్ల ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ రెండూ సమానంగా చెదిరిపోతాయి. ఆ రెండింటి నిష్పత్తి ఒకటికి దగ్గరైతే ఆక్సిమీటర్ పట్టికలో దానికి ఎదురుగా ఉండే అంకె సుమారు 85. అందుకే చలిజ్వరంతో వణుకుతున్న మనిషికి క్లిప్పు పెడితే, ఆక్సిజన్ బాగానే ఉన్నా యంత్రం 85 చుట్టూ తిరుగుతుంది. ఇది కంగారు మాత్రమే. దీనికి తిరగేసి చూడండి. నిజంగా ఆక్సిజన్ 70కి పడిపోయిన రోగి గిలగిల కొట్టుకుంటుంటే కూడా యంత్రం 85 చుట్టూనే చూపించొచ్చు. అది ప్రాణాంతకం.

అప్పట్లో చాలామంది ఇది వైద్యుల సమస్య అనుకున్నారు. ‘రోగిని కదలకుండా ఉంచండి’ అనేవారు. కొన్ని యంత్రాలు చెదిరిన సమాచారాన్ని పారేసి, పాత అంకెనే చూపిస్తూ ఉండేవి. కొన్ని ఎక్కువసేపటి సగటు తీసేవి. దొంగ అలారాలు మోగి మోగి, సిస్టర్లు విసిగిపోయి అలారం నొక్కేసేవారు. ఇప్పటికీ అంతే. రాత్రి డ్యూటీలో ఒక్కరే ఇరవై, ముప్పై మంచాలు చూసుకునే చోట మాటిమాటికీ అబద్ధం చెప్పే అలారం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

1989లో ఈ సమస్యను పట్టుకున్నవాడు జో కియానీ. ఇరాన్‌లో పుట్టి, తొమ్మిదేళ్ల వయసులో అమెరికా వెళ్లిన కుర్రాడు. చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, వైద్యం కాదు. అప్పటికి పాతికేళ్లు. ఇంటిని తాకట్టు పెట్టి 40 వేల డాలర్ల అప్పు తెచ్చి మాసిమోను మొదలుపెట్టాడు. తర్వాత మొహమ్మద్ దియాబ్ అనే ఇంజినీరు తోడయ్యాడు. చిన్న బృందం, చేతిలో డబ్బు తక్కువ. అయితే వీళ్లకు ఒక సౌకర్యం ఉంది. వైద్య పరికరాల రంగంలో ‘ఇది కుదరదు’ అని అందరూ అనుకునే సంగతి వీళ్లకు అంతగా పట్టలేదు. కమ్యూనికేషన్ల రంగంలో గోలను తీసేసి మాటను మిగిల్చే గణితం అప్పటికే ఉంది. దాన్ని వేలి దగ్గరికి తెచ్చారు.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. గోలను తీసేయాలంటే గోల ఎలా ఉంటుందో ముందు యంత్రానికి తెలియాలి. విమానంలో అయితే బయట ఇంకో మైకు పెట్టి ఇంజిన్ చప్పుడును విడిగా వినొచ్చు. వేలిలో సిర రక్తాన్ని మాత్రమే విడిగా వినే మైకు ఎక్కడుంది? వీళ్లు చేసిన పని చెబితే మీకు పాత రేడియో గుర్తొస్తుంది. ఆకాశవాణి వినాలంటే ముల్లును ఈ చివర నుంచి ఆ చివర వరకు తిప్పుకుంటూ పోయేవాళ్లం. ఎక్కడ స్టేషన్ ఉంటే అక్కడ గట్టిగా వినిపించేది. అలాగే వీళ్ల యంత్రం ‘ఆక్సిజన్ 1 శాతం అనుకుందాం, 2 శాతం అనుకుందాం’ అంటూ 100 వరకు ప్రతి అంకెనూ పరీక్షిస్తుంది. ప్రతి అంకె దగ్గరా వడపోత తర్వాత ఎంత శక్తి మిగిలిందో చూస్తుంది. రోగి కదులుతుంటే రెండు చోట్ల స్టేషన్ పలుకుతుంది. తక్కువ అంకె దగ్గర పలికేది సిర రక్తం. ఎక్కువ అంకె దగ్గర పలికేది ధమని రక్తం. మనకు కావాల్సింది రెండోది. ఇదంతా క్షణక్షణం జరుగుతూనే ఉంటుంది.

నాకు తెలిసి వైద్యంలోకి బయటి రంగాల నుంచి వచ్చిన ఆలోచనల్లో ఇంత సొగసైనవి తక్కువ.

పసిగుడ్డు కాలికి కట్టిన పట్టీ

ఈ మార్పుతో అందరికన్నా ఎక్కువ మేలు జరిగింది నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు. కిలో, కిలోన్నర బరువున్న బిడ్డ పాదానికి సెన్సర్ పట్టీ కడతారు. ఆ బిడ్డ కాళ్లు ఊరికే తన్నుతూనే ఉంటుంది. వీళ్లకు ఆక్సిజన్ తగ్గితే మెదడుకు, ప్రాణానికి ముప్పు. ఎక్కువైతే కంటి రెటీనాలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోయే ప్రమాదం. దీన్నే ఆర్‌ఓపీ అంటాం. అందుకే ఆక్సిజన్ ఇస్తున్న ఈ బిడ్డల్లో రీడింగ్‌ను సాధారణంగా 90 నుంచి 95 మధ్య నిలబెట్టడానికి ప్రయత్నిస్తారు. బిడ్డ కాలు కదిపినందుకు యంత్రం 85 చూపిస్తే, ఎవరో ఒకరు కంగారులో ఆక్సిజన్ పెంచుతారు. ఆ పెంచడం గంటలకొద్దీ కొనసాగితే నష్టం కంటికే. కదలికను తట్టుకునే సెన్సర్ ఇక్కడ కళ్లు కాపాడే పరికరం.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టినట్లు కనిపించే బిడ్డలకు కూడా ఈ సెన్సర్‌తో ఒక పరీక్ష ఉంది. పుట్టిన 24 గంటల తర్వాత కుడి చేతికి, ఒక పాదానికి క్లిప్పు పెట్టి చూస్తారు. రెండిట్లో ఒక్కటైనా 95 లేదా ఆపైన ఉండి, చేతికీ పాదానికీ తేడా 3 దాటకపోతే ఫర్వాలేదు. ఏ ఒక్కటైనా 90 కంటే తక్కువ ఉంటే వెంటనే పిల్లల డాక్టరు చూడాలి. గుండెలో పుట్టుకతో వచ్చే కొన్ని తీవ్రమైన లోపాలు బిడ్డ నీలంగా మారకముందే దీంతో బయటపడతాయి. ఐదు నిమిషాల పని, సూది గుచ్చేది లేదు. మీ ఇంట్లో కాన్పు ఉంటే, డిశ్చార్జికి ముందు ‘పల్స్ ఆక్సిమీటర్ స్క్రీనింగ్ చేశారా?’ అని అడగండి. ప్రభుత్వాసుపత్రి అయినా, ప్రైవేటు అయినా అడగడం తప్పు కాదు.

చిన్న కంపెనీ, పెద్ద గుమ్మాలు

మంచి వస్తువు చేస్తే అమ్ముడుపోతుందని ఇంజినీర్లు అనుకుంటారు. ఆసుపత్రుల వ్యవహారం అలా ఉండదు. అమెరికాలో వేలాది ఆసుపత్రుల తరఫున ఒకేసారి బేరమాడే కొనుగోలు సంఘాలు ఉంటాయి. అవి అప్పటికే పెద్ద కంపెనీలతో ఒప్పందాల్లో ఉన్నాయి. మాసిమో సెన్సర్ బాగుందని డాక్టర్లు చెప్పినా కొనే వీలు లేని పరిస్థితి. 2002లో కియానీ ఈ విషయం మీద అమెరికా సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. నెల్‌కోర్‌తో పేటెంట్ కేసు చాలా ఏళ్లు నడిచి, 2006లో ఆ కంపెనీ మాసిమోకు 33 కోట్ల డాలర్లు కట్టడంతో ముగిసింది.

తర్వాత యాపిల్ వచ్చింది. 2013లో రెండు కంపెనీలు మాట్లాడుకున్నాయి. పొత్తు కుదరలేదు. ఆ తర్వాత మాసిమో ముఖ్య వైద్యాధికారి, దాని సోదర సంస్థ సాంకేతికాధికారి యాపిల్‌లో చేరారు. 2020లో మాసిమో కేసు వేసింది. అదే ఏడాది సెప్టెంబరులో యాపిల్ తన గడియారంలో రక్తంలో ఆక్సిజన్ చూసే సదుపాయం పెట్టింది. 2023 అక్టోబరులో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ మాసిమో పక్షాన తీర్పిచ్చి, ఆ గడియారాల దిగుమతిపై నిషేధం విధించింది. దాంతో 2024 జనవరి నుంచి అమెరికాలో అమ్మే కొత్త గడియారాల్లో ఆ సదుపాయాన్ని ఆపేశారు. 2025 ఆగస్టులో లెక్కను గడియారంలో కాకుండా ఫోన్‌లో చేసేలా మార్చి మళ్లీ తెచ్చారు. నవంబరు నాటి 63.4 కోట్ల తీర్పు మాత్రం వేరే కేసు. అది నాడి కొలతకు సంబంధించిన, 2022లోనే గడువు తీరిన ఒక పేటెంట్ మీద వచ్చింది. అప్పీలు చేస్తామని యాపిల్ అంది. మధ్యలో ఇంకో చిత్రం కూడా ఉంది. తమ గడియారం రూపాన్ని మాసిమో కాపీ కొట్టిందని యాపిల్ వేసిన కేసులో 2024లో జ్యూరీ అవునంది. విధించిన నష్టపరిహారం మాత్రం 250 డాలర్లు. కోట్లు కాదు, అక్షరాలా రెండువందల యాభై.

మాసిమోను వీరుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఇప్పుడది చిన్న కంపెనీ కూడా కాదు. 2022లో స్పీకర్లు, ఆడియో పరికరాలు చేసే సంస్థను వందకోట్ల డాలర్లకు పైగా పోసి కొంది. వాటాదారులు భగ్గుమన్నారు. చివరికి 2024 సెప్టెంబరులో బోర్డు ఎన్నికలో ఓడిపోయి కియానీ తను పెట్టిన కంపెనీ నుంచే తప్పుకున్నాడు. ఆ ఆడియో వ్యాపారాన్ని కొన్న ధరలో సగం కూడా రాకుండా అమ్మేశారు. రోగి వేలి మీద నిలబడిన కంపెనీ స్పీకర్ల వ్యాపారంలోకి ఎందుకు వెళ్లిందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. కానీ ఒకటి గమనించండి. ఇన్నేళ్ల కోర్టు గొడవల్లో లాయర్లు వాదించింది పేటెంట్ ఎవరిది, లాభం ఎవరిది అన్నదాని మీదే. ఆ వెలుతురు ఎవరి చర్మంలోంచి ఎంత కచ్చితంగా పోతుందన్నది అక్కడ ప్రశ్నే కాదు.

చర్మం రంగు లెక్కలోకి ఎలా వచ్చింది?

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. అది ఎరుపు వెలుతురును ఎక్కువగా, ఇన్‌ఫ్రారెడ్‌ను తక్కువగా మింగుతుంది. అవోయాగి సూత్రం ప్రకారం కదలనిది ఏదైనా లెక్కలోంచి కొట్టుకుపోవాలి. మెలనిన్ కదలదు. కాబట్టి తేడా రాకూడదు. పుస్తకంలో అంతే ఉంటుంది. నిజంలో లైట్లు ఒకే ఒక్క రంగును ఇవ్వవు. చుట్టుపక్కల రంగులు కాస్త కలిసి ఉంటాయి. మెలనిన్ వాటిలో కొన్నింటిని ఎక్కువగా వడకట్టేసరికి సెన్సర్‌కు చేరే ‘ఎరుపు’ కొద్దిగా మారిపోతుంది. పైగా వెలుతురు తగ్గిపోయి సంకేతం బలహీనపడుతుంది. రోగికి బీపీ పడిపోయి వేళ్లు చల్లబడి ఉంటే ఈ రెండూ కలిసి లెక్కను ఇంకా చెడగొడతాయి. చెడేది కూడా ఎక్కువగా ఒకే దిక్కున. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తక్కువ చూపిస్తే అనవసరంగా ఆసుపత్రికి పరుగెత్తుతాం, అంతే. ఎక్కువ చూపిస్తే ఇంట్లోనే ఉండిపోతాం.

1990లోనే అమెరికా ఐసీయూ రోగుల మీద చేసిన ఒక అధ్యయనం, వెంటిలేటర్ మీద ఉన్న తెల్లవారికి 92 సరిపోతే నల్లజాతీయులకు 95 లక్ష్యంగా పెట్టుకోవాల్సి ఉంటుందని చెప్పింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020 డిసెంబరులో మిషిగన్ యూనివర్సిటీ వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మళ్లీ లెక్క తీశారు. క్లిప్పు మీద 92 నుంచి 96 మధ్య, అంటే ‘ఫర్వాలేదు’ అని చూపిస్తున్న సమయంలోనే ధమని నుంచి రక్తం తీసి పరీక్షిస్తే అసలు శాతం 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు ఎన్ని? తెల్లవారిలో 3.6 శాతం. నల్లజాతీయుల్లో 11.7 శాతం. మూడు రెట్లు. 2022లో కోవిడ్ రోగుల మీద వచ్చిన మరో అధ్యయనంలో ఆసియా మూలాలవారిలోనూ ఇలా దాగిపోయిన ఆక్సిజన్ కొరత తెల్లవారికంటే ఎక్కువగా కనిపించింది. క్లిప్పు అంకెను బట్టి చికిత్స మొదలుపెట్టే నియమం వల్ల నల్లజాతీయులకు, హిస్పానిక్‌లకు చికిత్సకు అర్హత గుర్తించడం ఆలస్యమైందని కూడా తేలింది. ‘ఆసియా’ అంటే అక్కడి లెక్కలో తెల్లగా ఉండే తూర్పు ఆసియా వాళ్లు కూడా కలిసే ఉంటారు. మన తెలుగువారి రంగుకు ఆ అంకె ఎంత వర్తిస్తుందో చెప్పడానికి మన దగ్గర చేసిన పెద్ద లెక్కలు కావాలి.

ఇలా ఎందుకు జరిగిందంటే ఆక్సిమీటర్‌కు అంకెలు నేర్పే పద్ధతి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలి పీల్పించి, శాతాన్ని మెల్లగా 70 వరకు దించుతారు. మధ్యమధ్యలో ధమని రక్తం తీసి అసలు శాతం చూసి, సెన్సర్ నిష్పత్తికి ఎదురుగా రాసుకుంటారు. ఆ పట్టికే యంత్రంలోకి ఎక్కుతుంది. 70 కంటే కిందికి ఎవరినీ దించలేరు కాబట్టి అక్కడి అంకెలన్నీ అంచనాలే. 2013 నాటి అమెరికా ఎఫ్‌డీఏ మార్గదర్శకాల ప్రకారం ఇలా పరీక్షించాల్సిన మనుషులు కనీసం 10 మంది. వారిలో ముదురు రంగు చర్మం ఉన్నవారు కనీసం ఇద్దరు, లేదా 15 శాతం. ఇద్దరు! మన ఊళ్లో ఒక పెళ్లి బృందంలో కూడా అంతకంటే ఎక్కువ రంగులు ఉంటాయి.

2025 జనవరిలో ఎఫ్‌డీఏ కొత్త ముసాయిదా తెచ్చింది. పరీక్షించేవారి సంఖ్య 150కి పెరగాలి, చర్మం రంగును ‘ముదురు’ అని కంటితో చూసి రాసేయకుండా పది ఛాయలున్న మాంక్ స్కేల్‌తోనూ, యంత్రంతోనూ కొలవాలి అన్నది. మంచి మార్పే. ముసాయిదా దగ్గరే ఆగకుండా అమలైతేనే ప్రయోజనం. మాసిమో మాత్రం తన సెన్సర్లలో చర్మం రంగు వల్ల చెప్పుకోదగ్గ తేడా లేదని వాలంటీర్ల సమాచారంతో ప్రచురించింది. దాన్ని కొట్టిపారేయను. కానీ వాళ్లు ఆరోగ్యవంతులు, వేళ్లు వెచ్చగా ఉంటాయి, కదలకుండా కూర్చుంటారు. మా వార్డులో న్యుమోనియాతో, బీపీ పడిపోయి, రక్తం తక్కువై వచ్చే రోగి పరిస్థితి వేరు. అసలు పరీక్ష అక్కడ జరగాలి.

ఇంట్లో ఉన్నదాని మాటేమిటి?

ఇదంతా చదివి ఆక్సిమీటర్‌ను చెత్తబుట్టలో వేయకండి. అది లేని రోజులు నేను వైద్య విద్యార్థిగా చూశాను. గోళ్ల రంగు చూసి ఊహించడం కంటే ఇది చాలా నయం. కాకపోతే దాన్ని ఒక్క అంకెగా కాకుండా మనిషితో కలిపి చదవాలి.

ఆస్తమా, సీఓపీడీ, గుండె జబ్బు, ఊపిరితిత్తుల్లో మచ్చ ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే, వాళ్లు బాగున్న రోజుల్లోనే నాలుగైదుసార్లు చూసి ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. నాన్నగారికి మామూలుగా 97 ఉంటూ జ్వరం వచ్చిన రోజు 93కి వస్తే, ‘93 పర్వాలేదట’ అని ఊరుకోవడానికి లేదు. నాలుగు తగ్గింది. ఆ తగ్గడమే కబురు. ఒక యంత్రం ఒకే మనిషి మీద చేసే పొరపాటు కొంతవరకు ఒకేలా ఉంటుంది కాబట్టి, తేడాను చూడటం అంకెను చూడటం కంటే నమ్మకమైన పద్ధతి. కోవిడ్ రెండో దశలో అందరి నోటా నానిన 94 అనే గీత కూడా అలాంటిదే. గీతకు ఒక అంకె పైన ఉన్నంత మాత్రాన భద్రం కాదు. మనిషి మాట పూర్తి చేయలేక మధ్యలో ఊపిరి పీల్చుకుంటున్నా, నిమిషానికి శ్వాస 25, 30 సార్లు ఆడుతున్నా, మగతగా ఉన్నా, పెదవులు నీలంగా మారుతున్నా యంత్రం 96 చూపిస్తున్నా సరే, ఆసుపత్రికి తీసుకురండి. ముదురు రంగు ఉన్నవారిలో నీలం పెదవుల మీద కంటే నాలుక మీద, చిగుళ్ల మీద బాగా కనిపిస్తుంది.

పెట్టే పద్ధతి కూడా ముఖ్యమే. వేలు చల్లగా ఉంటే అరచేతులు రుద్దుకుని వెచ్చబరచాలి. కూర్చుని చేతిని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కనీసం నిమిషం ఆగాలి. పెట్టగానే కనిపించే అంకెను రాసుకోకూడదు. పక్కన చూపించే నాడి అంకె, మణికట్టు దగ్గర మీరు లెక్కపెట్టిన నాడి ఒకటే అయితేనే ఆక్సిజన్ అంకెను కాస్త నమ్మొచ్చు. నల్ల, నీలం నెయిల్ పాలిష్ తీసేయాలి. ఎర్రగా పండిన గోరింటాకుతో పెద్ద చిక్కు రాదు కానీ, నల్లటి మెహందీ పెట్టుకున్న వేలు వదిలేసి వేరే వేలు చూసుకోవడం మంచిది. పెన్ను పెట్టినా 97 చూపించే క్లిప్పుల వీడియోలు అప్పట్లో తెగ తిరిగాయి. అందులో కొన్ని నిజంగానే నాసిరకం వస్తువులు. అయితే వెలుతురు దూరి కాస్త కదిలే ఏ వస్తువు పెట్టినా మంచి యంత్రం కూడా ఏదో ఒక అంకె చూపించొచ్చు. కాబట్టి అది నాణ్యతకు పరీక్ష కాదు.

మన ఇళ్లలో ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. ఈ క్లిప్పు చూసేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి ఆక్సిజన్ అందిందన్నదే. అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో దానికి తెలియదు. హిమోగ్లోబిన్ 6 గ్రాములున్న తల్లికి కూడా అది 99 చూపిస్తుంది. రెండు బస్సుల్లో సీట్లన్నీ నిండినా, పది బస్సుల్లో నిండినా ‘నూరు శాతం’ అన్నట్టు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే, ‘ఆక్సిజన్ 99 ఉంది, నీకేం లేదు’ అని అనేయడం మా ఓపీలో వారానికి ఒకరైనా చెప్పే మాట. ఆవిడకు కావాల్సింది రక్తపరీక్ష. అలాగే తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పొగ, గ్యాస్ గీజర్ వల్ల కార్బన్ మోనాక్సైడ్ ఒంట్లోకి పోతే, మామూలు ఆక్సిమీటర్ దాన్ని ఆక్సిజన్ అనుకుని మంచి అంకెనే చూపిస్తుంది. అలాంటప్పుడు అంకె చూడకండి, ముందు మనిషిని బయటి గాలికి తీసుకురండి.

స్మార్ట్‌వాచీల సంగతి. యాపిల్ సహా చాలా కంపెనీలు ఆక్సిజన్ సదుపాయం వైద్య అవసరాలకు కాదని తామే రాస్తాయి. వేలి చివర వెలుతురు ఒకవైపు నుంచి రెండోవైపుకు దూరి వస్తుంది. మణికట్టు దగ్గర చర్మానికి తగిలి వెనక్కి వచ్చిన కొద్దిపాటి వెలుతురుతోనే సరిపెట్టుకోవాలి. అమెరికాలో పిల్లలు పంపిన గడియారం ఉన్నా సరే, జబ్బు చేసినప్పుడు వేలి క్లిప్పే వాడండి.

మన చర్మం మీద పరీక్షించారా?

2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. 2021 జులైలో కేంద్రం పల్స్ ఆక్సిమీటర్, గ్లూకోమీటర్, బీపీ మిషన్, నెబ్యులైజర్, థర్మామీటర్ల మీద వ్యాపారుల లాభాన్ని 70 శాతానికి మించకుండా కట్టడి చేసింది. ధర తగ్గింది. అది అప్పుడు అవసరం. ఇప్పుడు అడగాల్సింది కొలత గురించి. ఆసుపత్రులకు మానిటర్లు కొనే టెండర్లలో స్క్రీన్ ఎన్ని అంగుళాలు, బ్యాటరీ ఎన్ని గంటలు అన్నది వివరంగా ఉంటుంది. ఈ సెన్సర్‌ను ఎంతమంది మీద, ఏ ఛాయ చర్మం మీద, చల్లబడిన వేళ్ల మీద పరీక్షించారా అన్న ఒక్క గడి కూడా చేర్చాలి. ఆక్సిమీటర్లకు ఐఎస్‌ఓ ప్రమాణం ఉంది. దాని ప్రకారం చేసిన పరీక్ష నివేదిక చూపించమనడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఆ పరీక్షలు ఇక్కడే చేయొచ్చు కూడా. విశాఖపట్నంలో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఉంది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్క్ ఉంది. రెండు రాష్ట్రాల బోధనాసుపత్రుల ఐసీయూల్లో రోజూ ఎంతోమందికి ఏబీజీ పరీక్ష కోసం ధమని రక్తం తీస్తూనే ఉంటాం. అదే క్షణంలో క్లిప్పు చూపించిన అంకెను, రోగి చర్మం ఛాయను పక్కన రాసిపెట్టి, రోగుల పేర్లు లేకుండా ఒకచోట చేర్చితే, మిషిగన్‌లో చేసిన లెక్క లాంటిదే మన మనుషుల మీద తయారవుతుంది. పరికరాలు ఉన్నాయి, రోగులు ఉన్నారు, రక్తం ఎలాగూ తీస్తున్నాం. కావాల్సింది రిజిస్టరులో ఇంకో రెండు గడులు, వాటిని నింపే పీజీ డాక్టరుకు కాస్త సమయం, ఆసుపత్రి నైతిక కమిటీ అనుమతి. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వచ్చి సెన్సర్లు చేస్తున్న చిన్న బృందాలకు అంతకంటే విలువైన సమాచారం ఏ దేశమూ అమ్మదు.

ఈలోగా కొత్త క్లిప్పు కొనేటప్పుడు తయారీ లేదా దిగుమతి లైసెన్సు నంబరు పెట్టె మీద ఉందో లేదో చూసుకోండి. లేకపోతే తిరిగి ఇచ్చేయండి. బ్యాటరీలు వేసి వదిలేసిన పాతదైతే ముందు మూత తీసి చూడండి. కారిపోయి ఉంటే తుప్పు తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఒకరి వేలికి పెట్టి పరీక్షించండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు దాన్ని జేబులో వేసుకెళ్లి, అక్కడి మానిటర్ పక్కన పెట్టి రెండు అంకెలూ పోల్చి రాసుకోండి.